రాజీ భల్లూకయ్య విగ్రహం

ఒక పెద్ద అడవిలో, అంటే "మాదే పెద్ద అడవి" అని అక్కడి జంతువులు డప్పు కొట్టుకునే అడవిలో, ఏటికి ఇవతల లేళ్ళు, అవతల తోడేళ్ళు ఉండేవి. తోడేళ్ళు ఒళ్ళు వంచవు కదా, కుందేళ్ళని పట్టి కట్టేసి వాటిచేత బొరియలు తవ్వించుకునేవి. ఇవతలి లేళ్ళు "అయ్యో పాపం" అనేవి. అని, మళ్ళీ మేతకి పోయేవి.

రెండు గట్లకీ పెద్దమనిషి భల్లూకయ్య అనే ఎలుగుబంటి. ఎక్కడ గొడవొచ్చినా గొంతు సవరించుకుని "రాజీ!" అనేవాడు. వెంటనే చప్పట్లు. ఆయన ఉపన్యాసం మొదలెడితే చెట్ల మీది కోతులు కూడా గోక్కోవడం మానేసేవి.

ఓ రోజు చెవులమ్మ అనే కుందేలు, తన పిల్లని నోట కరుచుకుని, ఏరు ఈదుకుంటూ ఇవతలికొచ్చి పడింది. వెనకే తోడేళ్ళ దొర వచ్చాడు.

"మా కుందేలు మాకివ్వండి. లేకపోతే అడవి రెండు ముక్కలే!"

లేళ్ళు గడగడలాడాయి. భల్లూకయ్య లేచాడు.

"ఇద్దరి మాటా దక్కాలి. ఇకమీదట ఏరు దాటి ఇటొచ్చినవాళ్ళని పట్టుకుపోయే హక్కు తోడేళ్ళది. 'ఇది మాది' అని తోడేలు చెబితే చాలు, వేరే సాక్ష్యం అక్కర్లేదు. పట్టుబడ్డవాళ్ళు మాట్లాడకూడదు. మరి లేళ్ళకేమిటి అంటారా? లేళ్ళు అదంతా చూడక్కర్లేదు. మొహం తిప్పుకోవచ్చు!"

"ఆహా, ఎంత న్యాయం!" అన్నాయి లేళ్ళు.

"నా బిడ్డ, అయ్యా..." అంది చెవులమ్మ.

"నువ్వు మాట్లాడకూడదమ్మా. ఇప్పుడే కదా అనుకున్నాం," అన్నాడు భల్లూకయ్య, ఎంతో మెత్తగా. ఛీ, సిగ్గులేని జన్మ! తల్లినీ పిల్లనీ ఈడ్చుకుపోతుంటే లేళ్ళన్నీ మొహాలు తిప్పుకున్నాయి.

ఆ చట్టం చేసిపెట్టినందుకు తోడేళ్ళు అవతలి గట్టున ఆయనకి సన్మానం చేశాయి. తేనెపట్లు ముందు పెట్టాయి. ఆయన పొట్ట పగిలేలా తిని, ఏరు ఈది, ఇవతలి గట్టెక్కి ఒళ్ళు దులుపుకుంటున్నాడు. వెనకనించి తోడేళ్ళ దొర వచ్చి గభాల్న పట్టుకున్నాడు.

"ఏరు దాటి ఇటొచ్చింది. ఇది మాది."

"ఒరేయ్, నేను భల్లూకయ్యనిరా!"

"పట్టుబడ్డవాళ్ళు మాట్లాడకూడదు," అన్నాడు దొర, ఆయన గోళ్ళకేసి ఆశగా చూస్తూ. "అబ్బ, తవ్వకానికే పుట్టిన గోళ్ళు!"

గట్టు మీద మేస్తున్న లేళ్ళు చట్టప్రకారం మొహాలు తిప్పుకున్నాయి.

ఆయన ఏమయ్యాడో ఎవరూ చూడలేదు. చూడలేదు కాబట్టి లేళ్ళు ఆయన పోయాడనే అనుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, గట్టు మీద పెద్ద రాతి విగ్రహం నిలబెట్టాయి. ఏటికి వీపు పెట్టి.

ఆవిష్కరణ రోజున అవతలి గట్టున బొరియ తవ్వుతున్న భల్లూకయ్య అది చూశాడు. "నేనిక్కడే బతికున్నానర్రా!" అని గొంతు చించుకుని అరిచాడు. ఉపన్యాసం వింటున్న ఒక్క లేడి కూడా తల తిప్పలేదు.

పక్కనే మన్ను తోడుతున్న చెవులమ్మ నిట్టూర్చింది.

"వాళ్ళకి వినబడుతూనే ఉంది బాబూ. మొహం తిప్పుకోమన్నది తమరేగా! ఊరికే అరవకండి, తవ్వండి. నా బిడ్డ వాటా కూడా మిగిలుంది."

నీతి: రాజీ అంత మంచి పని ఇంకోటి లేదు, నష్టపోయేది పక్కవాడైనంతకాలం.