ఆళ్లగడ్డ మాధవయ్య కడపటి నమూనా

శ్రీకరమగు నల్లమల శైలపంక్తి వెనుకనుండి సహస్రకిరణుడు ఉదయించి, కుందూ తీరమందలి వరిమళ్లపై పసిడివెలుగు పరచుచున్న సోమవారపు వేళ, లారీహారన్ల భేరీనాదముతో మేల్కొనిన ఆళ్లగడ్డ పట్టణమున, విత్తనముల దుకాణాధిపతియు, పదకొండేండ్లుగా మలబద్ధకముతో పోరుచు తల వంచని మహాధీరుడును అగు మాధవయ్య, దక్షిణహస్తమున తెల్లని ప్లాస్టిక్ డబ్బీ ధరించి, మరుగుదొడ్డి ప్రవేశించి గడియ బిగించెను.

ఆ డబ్బీ వెనుక నొక కథ కలదు. మూడు నెలల క్రిందట నంద్యాలలోని ఒక పరిశోధనశాలనుండి చందన అను యువతి ఆళ్లగడ్డ బజారుకు వచ్చెను. మానవోదరమను మహానగరమున కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముండుననియు, వానిలో సాధుజాతిని బలపరచినచో మొరాయించిన ప్రేగులు కదలునో కదలవో తేల్చుటకే తన పరిశోధన యనియు ఆమె అంగడి అంగడికి తిరిగి చెప్పెను.

“పన్నెండు వారాలు దినమ్మూ ఒక పొడి పొట్లం మజ్జిగలో కలుపుకోని తాగల్లన్నా. కొన్ని పొట్లాల్లో మంచి బ్యాక్టీరియా ఉంటాది, కొన్నిట్లో ఉత్త పిండి. ఏది ఎవురికి పోయిందో నాకూ తెలీదు. మూడు సార్లు నమూనా ఇయ్యల్ల.”

“దేని నమూనా పాపా?”

ఆమె చెప్పెను. బట్టల కొట్టువాడు పైకప్పు చూచెను. కిరాణా కొట్టువాడు ఫోను వచ్చినట్లు నటించెను. మాధవయ్య ఒక్కడే నిలిచెను. అది శౌర్యము కాదు. పదకొండేండ్లలో అతని బాధను నవ్వకుండ అడిగిన మొదటి మనిషి ఆమెయే.

మొదటి రెండు నమూనాలును నిర్విఘ్నముగ చేరినవి. కడపటిది ఈ సోమవారమే చేరవలెను. మంచుపెట్టెలో, విడిచిన రెండు గంటలలోగా, పది కొట్టకముందే. పదింటికి నమూనాలన్నియు హైదరాబాదు బండి ఎక్కును.

“రేపు రాకపోతే మీ పేరు కొట్టేయల్లన్నా” అని చందన ముందునాడు ఫోనులో చెప్పియుండెను. “ఆళ్లగడ్డ నుంచి ఉండేది మీరొక్కరే.”

ఆరు గంటలకు ఆరంభమైన ఆ ఏకాంగ సమరము ఏడున్నరకును తేలలేదు. స్వేదబిందుశోభిత లలాటుడై మాధవయ్య తన కడుపును ఉద్దేశించి మనసున ఇట్లు గర్జించెను:

“ఓయీ జడోదరమా, ఎనుబదినాలుగు దినములు నీకై మిరపబజ్జీలను త్యజించితిని. ఎనుబదినాలుగు పొట్లముల మహాసైన్యమును నీ వీథులలో దింపితిని. సకల ఆళ్లగడ్డ ప్రేగుల పరువు నేడు నీపై ఆధారపడియున్నది. కదలుము.”

అది కదలలేదు. బయటనుండి ధర్మపత్ని అహల్య తలుపు తట్టెను.

“ఏమయ్యా, అయ్యిందా?”

“నువ్వు అడగతాంటే యాడైతాదే?”

“నేను అడగని దినం మాత్రం యాడైంది? వేన్నీళ్లు తెచ్చినా, తాగు.”

ఓరగా తెరచిన తలుపుసందున లోటా లోపలికి వచ్చెను. మాధవయ్య ఒక్క గుక్కలో తాగెను. ఎనిమిదీ ఐదు నిమిషములకు దుర్భేద్యమైన ఆ కోట కూలెను.

ఎనిమిదీ ఇరువదికి నంద్యాల బస్సు కదలెను. మంచుపెట్టెను పసిబిడ్డవలె ఒడిలో నుంచుకొనిన మాధవయ్య ప్రక్కన, మల్లెపూల గంపతో రామేశ్వరమ్మ అను వృద్ధురాలు కూర్చుండెను.

“ఏందప్పా అందులో? చేపలా?”

“కాదవ్వా.”

“ఐసు ఉండాదా?”

“ఉండాది.”

“అయితే నా పూలు రెండు మూరలు పెట్టు. వాడిపోతాండాయి.”

మూత వైపు సాగిన ఆ హస్తమును మాధవయ్య వజ్రకవచము వంటి రెండు మోచేతులతో అడ్డగించెను. “వద్దవ్వా. మందులుండాయి.”

శిరివెళ్ల దాటగానే బస్సు ఆగెను. వరిగడ్డి నింపిన ట్రాక్టరు ట్రాలీ తిరగబడి, గడ్డి పర్వతాకారమున దారికి అడ్డము పడియుండెను. కండక్టరు యేసుదాసు దిగి చూచి వచ్చెను.

“క్రేను రావల్ల. గంట పడతాది.”

అప్పటికి తొమ్మిది కావచ్చెను. మాధవయ్య గుండె మంచుపెట్టెకంటె చల్లబడెను. నోరు మూసికొని కూర్చున్నచో నమూనా నశించును. నోరు తెరచినచో పదకొండేండ్ల రహస్యము నలుబది మంది ఎదుట బట్టబయలగును. నిమిషము పాటు అతని మనసున ఘోరయుద్ధము సాగెను. పిమ్మట పెట్టెను ఎదకు హత్తుకొని లేచి నిలిచెను.

“అయ్యా, ఈయమ్మకు అబద్ధం చెప్పినా. ఇందులో మందులు లేవు. నేను పొద్దున దొడ్డికి కూర్చున్నది ఉండాది. పరిశోధనకు. పదిలోపల నంద్యాల చేరకపోతే పనికిరాదు. పదకొండేండ్లాయ నాకు ఈ బాధ.”

రామేశ్వరమ్మ పూలగంపను అవతలి ప్రక్కకు జరుపుకొనెను. వెనుక సీటులో ఎవరో కిసుక్కుమనిరి. మాధవయ్య చెవులు ఎర్రబడెను.

అప్పుడు యేసుదాసు మెల్లగా అనెను: “నాకు ఆరేండ్లన్నా. దినమ్మూ నాలుగింటికే డ్యూటీ. యాడ కుదుర్తాది?”

“నాకూ అంతే” అనెను వెనుక సీటునుండి, ఇందాక కిసుక్కుమనిన గొంతే.

రామేశ్వరమ్మ కొంగు బిగించి లేచెను. “ఏం చూస్తాండారు, దిగండి. గడ్డి లాగితే ఒకపక్క దారి పడతాది. ఆయప్ప పెట్టెలో ఐసు కరిగిపోతాది.”

వానరసేనవలె జనము దిగిరి. గడ్డి మోపులు గాలిలో ఎగిరెను. పెట్టె దించనొల్లని మాధవయ్య ఒంటిచేత్తోనే గుప్పెడు గుప్పెడు లాగెను. పావుగంటలో బస్సు పట్టునంత దారి ఏర్పడెను.

నంద్యాలలో దిగి, ఆటో ఎక్కి, పరిశోధనశాల మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, మాధవయ్య పెట్టెను చందన బల్లపై నుంచెను. ఆమె చల్లదనము చూచెను, వేళ చూచెను, పరిమాణము చూచెను.

“సరిపోతాదన్నా.”

“బస్సులో ఇద్దరు నీ నంబరు అడిగినారు పాపా. ఇచ్చినా.”

చందన కలమాపి అతనిని చూచెను.

“ఇంతకూ నేను తాగింది మంచి బ్యాక్టీరియానా, పిండా?”

“నాకింగా తెలీదన్నా. అందరివీ చూసినాకనే తెలిసేది.”

“పిండైనా ఏం పర్లేదులే” అని మాధవయ్య నుదుటి చెమట తుడుచుకొనెను.

వినుడు, ఉదరపీడితులారా. ఆ దినమున తొమ్మిది గంటల ఏబది ఎనిమిది నిమిషములకు, ఆళ్లగడ్డ అను పేరునకు ఎదుట, మూడవ గడిలో, నీలిసిరాతో ఒక టిక్కు పడెను. కర్నూలు మొదలు కడప వరకు గల సువిశాల రాజమార్గమున ఆనాడు అంతకు మించిన విజయము మరెవ్వరికిని దక్కలేదు.