కీత్‌కి గిట్టని ముఖం

ఆ మంగళవారం నోలీన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ట్వీడ్ హెడ్స్ అనే ఊళ్ళో చెల్లెలి ఇంట్లో రెండు వారాలుండి రాత్రే తిరిగొచ్చింది. పొద్దున్నే టీ తాగి, అరచేతిలో కాస్త ఖీమా పెట్టుకుని, వీధి మలుపులో నీలగిరి చెట్టు కింద కౌన్సిల్ అధికారిణిని కలవాలి. ఆవిడ చూస్తుండగా కీత్ వచ్చి చేతిలోంచి తిని వెళ్ళాలి. అంతటితో గొడవ తీరిపోతుంది.

కీత్ అంటే ఆ చెట్టు మీద గూడు కట్టుకున్న మ్యాగ్‌పై. నలుపూ తెలుపూ కలిసిన ఆ పక్షి ఏడాది పొడవునా పెద్దమనిషే. వసంతంలో గూట్లో పిల్లలున్నప్పుడు మాత్రం దారినపోయేవాళ్ళ నెత్తి మీదికి వెనకనుంచి దూసుకొస్తుంది. వీధివాళ్ళు కౌన్సిల్‌కి ఫిర్యాదు చేశారు. ఇవాళ అధికారిణి ఎదుట కూడా అదే చేస్తే, కీత్‌ని పట్టుకెళ్ళి ఏ దూరపు అడవిలోనో వదిలేస్తారు. తల్లి పక్షి ఒక్కతే గూట్లో అన్ని నోళ్ళూ నింపలేదు. మ్యాగ్‌పైలు మనుషుల ముఖాలు మరిచిపోవు. ఇన్నేళ్ళలో కీత్ నోలీన్ జోలికి ఒక్కసారీ రాలేదు.

"మెర్వ్, నా టోపీ ఏదీ?" అంది భర్తతో.

"నీకెందుకు టోపీ? నీ ముఖం చాలదూ?" అన్నాడు మెర్వ్ పేపరు చాటునుంచి. అని, ఎందుకో పొలమారినట్టు దగ్గాడు.

చెట్టు దగ్గర అధికారిణి టాలియా అప్పటికే నిలబడి ఉంది. "వీడేనా మీవాడు?"

"వీడే. బంగారమండీ. చూడండి," అని నోలీన్ చెయ్యి చాపింది. "రారా నాన్నా, రా."

కీత్ తల వాల్చి ఎర్రటి కంటితో ఆవిడని పరకాయించి చూశాడు. మరుక్షణం ముక్కు టకటకలాడిస్తూ వచ్చి, ఖీమా వదిలేసి, ఆవిడ జుట్టు పట్టుకున్నాడు.

"బంగారం కాస్త పదునుగా ఉందే," అంది టాలియా.

"ఒరేయ్ కీత్! నేనురా, నోలీన్‌ని!"

ఆ సంగతి కీత్‌కి బాగా తెలుసు. అందుకే మళ్ళీ వచ్చాడు.

నోలీన్ పరుగున వెళ్ళి ఎవరిదో పోస్టు డబ్బా చాటున కూలబడింది. అక్కడినుంచి చూస్తే, ఎదుటి కాలిబాట మీద తనే వెళ్తోంది. అదే కళ్ళజోడు, అదే నవ్వు. ముఖం ఇటు, నడక అటు. కింద మాత్రం గుబురుగా వెంట్రుకలున్న కాళ్ళు. ఆ వెనకే ఇంకో తను, పిల్లల బండి తోసుకుంటూ. నోలీన్ కళ్ళు నులుముకుంది. ప్రయాణం బడలిక అనుకుందామన్నా, టాలియా కూడా అటే చూస్తోంది.

"మీకు అక్కచెల్లెళ్ళు ఎంతమంది?" అంది టాలియా మెల్లిగా.

"ఒక్కతే. అది ట్వీడ్ హెడ్స్‌లో ఉంది."

వెంట్రుకల కాళ్ళ నోలీన్ గిర్రున తిరిగింది. పక్కింటి స్పైరో! పిట్ట పొడవకుండా నెత్తిన బోర్లించిన ఐస్‌క్రీం డబ్బా, దాని వెనక అతికించిన నోలీన్ ఫోటో.

"వచ్చేశావా నోలీన్! నీ ముఖం భలే పనిచేసిందనుకో! అందరికీ మీ ఆయనే పంచిపెట్టాడు. పిట్టకి నువ్వంటే ప్రాణం కదా, వెనక నీ ముఖముంటే మీదికి రాదన్నాడు."

"రాలేదా?"

"మొదట్లో అస్సలు రాలేదు. ఆ ధైర్యంతోనే కదా, గూటి పక్క కొమ్మ రంపంతో కోసేశాను! నా కారు మీదంతా పిట్ట రెట్టలే."

"నా ముఖం పెట్టుకునా?"

"మరి? డబ్బా ముందుకి తిప్పుకున్నాను. నా ముఖంతో కోస్తే ఊరుకుంటాడా?"

పిల్లల బండి ఆవిడ తల దించుకుంది. తను కూడా అలాగే కీత్ మీదికి చీపురు ఆడించిన మాట నిజమేనంది. ఇంతలో కేకలు విని మెర్వ్ చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చాడు. "నేను నీళ్ళ పైపు పట్టింది ఒక్కసారే, నోలీన్. ఒట్టు."

"ఎవరి ముఖంతో?"

మెర్వ్ నేల చూపులు చూశాడు. పెళ్ళయిన నాటినుంచీ ఏ తప్పు చేసినా ఆవిడ పేరే చెప్పేవాడు. ఇప్పుడు ముఖం కూడా వాడేశాడు.

టాలియా అందరి డబ్బాలూ తీయించింది. ఒక్కొక్కరినీ చెట్టు కిందనుంచి నడిపించింది. స్పైరో నడిచాడు, బండి ఆవిడ నడిచింది, బట్టతల మెరిపించుకుంటూ మెర్వ్ కూడా నడిచాడు. కీత్ రెక్కలు దువ్వుకుంటూ కూర్చున్నాడు. ఉన్న కోపమంతా ఒక్క ముఖానికే ఖర్చుపెట్టేసినట్టున్నాడు. చివరికి నోలీన్ రెండడుగులు వేసిందో లేదో, మళ్ళీ టకటక.

"ఒక్క మనిషిని పొడిచినందుకు మేము పక్షిని కదిలించం," అంది టాలియా. "ఆ ఒక్క మనిషీ వేరే దారి చూసుకోవాలంతే."

"అయితే కీత్ ఇక్కడే ఉంటాడా?"

"ఉంటాడు. మీరే చుట్టు తిరిగి వెళ్ళాలి."

నోలీన్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. గూట్లో పిల్లలు బతికాయి, చాలు అనుకుంది. కానీ ఆ రోజంతా వంటింటి కిటికీలోంచి మలుపు వైపు చూస్తూనే ఉంది. మెర్వ్ రెండుసార్లు టీ చేసి తెచ్చినా ముట్టలేదు.

మర్నాడు పొద్దున్న ఆవిడ ఒక ఐస్‌క్రీం డబ్బాకి కళ్ళ దగ్గర రెండు చిల్లులు పొడిచి, మెర్వ్ చేపలు పట్టినప్పటి ఫోటో అతికించి, ముఖానికి తగిలించుకుని చెట్టు కిందికి వెళ్ళింది. కీత్ కొమ్మ దిగివచ్చి, తనని నీళ్ళతో తడిపినవాడి ముఖంలోకి నమ్మకంగా చూస్తూ, ఖీమా మొత్తం తిన్నాడు.