ఒరియెత్త తలుపుకి నీలి రిబ్బను

ఈ ఆదివారం అడిగెయ్యాల్సిందేనని నిశ్చయించుకుని ఉబాల్దో నిద్ర లేచాడు. ఇలాంటి నిశ్చయం ఆయనకు కొత్తేమీ కాదు, మూడేళ్ళుగా ప్రతి ఆదివారం చేసుకుంటున్నదే. కాకపోతే ఈసారి గడువు ముంచుకొచ్చింది. పియెత్రఫొస్క అనే కొండ ఊళ్ళో చిన్న భోజనశాల నడిపే ఒరియెత్త, దాన్ని అమ్మేసి పెరూజా పట్నంలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. అమ్మకానికి పెట్టే ముందు గోడలకు తనే సున్నం వేసుకుంటోంది. ఉబాల్దోతో కలిసి ఆదివారాలు ఆ వైపు తొక్కే సైకిలు సంఘంవాళ్ళకు ఆ రోజు పెరట్లో పెట్టేదే ఆఖరి భోజనం. అందరూ తిని వెళ్ళాక తనొక్కడూ వెనకబడి, "వెళ్ళకండి, నన్ను పెళ్ళి చేసుకోండి" అనాలి. అంతే, రెండు ముక్కలు. అద్దం ముందు గడగడా వచ్చేస్తాయి.

ఏడాదికోసారి జరిగే ఆ కొండల సైకిలు యాత్రకు ఉబాల్దో అధ్యక్షుడు. అధ్యక్షుడంటే అదేదో పెద్ద హోదా అనుకునేరు! తెల్లారకముందే వెళ్ళి మలుపు మలుపునా పసుపు రిబ్బను ముక్కలు కట్టి రావడం, ఆ తరవాత అందరికన్నా వెనక తొక్కుతూ పంక్చరైనవాళ్ళనీ ఆయాసపడేవాళ్ళనీ ఏరుకురావడం, ఇదీ ఆ పదవి. ఆ పొద్దున పియెత్రఫొస్క చేరేసరికి పసుపు రిబ్బను అయిపోయింది. ఎందుకైనా మంచిదని అక్క కుట్టుపెట్టెలోంచి తీసి జేబులో వేసుకొచ్చిన నీలి పట్టు రిబ్బను మాత్రం మిగిలింది. ఆ ఊళ్ళో మలుపు సరిగ్గా ఒరియెత్త ఇంటి మూల మీదే. నిరుడు అక్కడే సగం మంది దారి తప్పి లోయలోకి దిగిపోయారు. తలుపు కడియానికి ఏదో ఒక ముడి వేసి పోతే సరిపోయేది. కానీ ఒరియెత్త తలుపాయె! ఉత్త ముడి వెయ్యడానికి మనసొప్పలేదు. రెండు రెక్కలూ విప్పార్చి, కొసలు సవరించి, అరచేతులంత పెద్ద పువ్వు కట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాడు.

ఆ కొండ ఊళ్ళలో మగపిల్లాడు పుట్టిన ఇంటి తలుపుకి నీలి రిబ్బను పువ్వు కడతారు. ఈ సంగతి పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఉబాల్దోకీ తెలుసు. తెలిసి ఏం లాభం? ప్రేమలో పడ్డ యాభై ఏళ్ళ బ్రహ్మచారి బుర్రలో ఇంకో విషయానికి చోటెక్కడిది!

మొదటి మజిలీ రొక్కాల్త కోట గుమ్మం దగ్గర. బల్ల మీద రొట్టె, ఉప్పులో ఊరిన పంది తొడ ముక్కలు, చిన్న గ్లాసుల్లో వైను. కాళ్ళకన్నా నోరు వేగంగా ఆడే ఫుల్వియో అప్పటికే అక్కడ చేరి ఉన్నాడు.

"విన్నావురా? ఒరియెత్తకి బాబు పుట్టాడట!"

ఉబాల్దో నోట్లో రొట్టె నోట్లోనే ఉండిపోయింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేమిట్రా, ఊరు ఊరంతా అంటుంటే! ఈ రొట్టెలామెకి పొద్దున్నే వాళ్ళ వదిన ఫోను చేసిందట. పిల్లాడు నాలుగు కిలోలట. తల్లీబిడ్డా క్షేమం."

"మొగుడు పోయి ఏడేళ్ళయిందిరా ఆవిడకి! పైగా నలభై ఆరేళ్ళ మనిషి!"

"మా మేనత్తకి నలభై ఎనిమిదిలో పుట్టాడు. వాడిప్పుడు పోలీసు. అయినా నువ్వు చూళ్ళేదూ, నెల్లాళ్ళుగా ఆవిడ గుడారంలాంటి చొక్కా వేసుకు తిరుగుతోంది!"

ఆ చొక్కా సున్నం వేసుకోవడానికని ఒరియెత్తే ఆయనతో చెప్పింది. పాపం, నా ముందు ఆ మాట అనలేక అలా చెప్పిందన్నమాట అనుకున్నాడు ఉబాల్దో. అంతటితో ఎదురుగా ఉన్న చిన్న మిట్ట కూడా సైకిలు దిగి నడిపించుకుంటూ ఎక్కాడు.

రెండో మజిలీకి చేరేసరికి పిల్లాడు కవలలయ్యాడు. మూడో మజిలీ మోంతెసెల్లొ చర్చి అరుగు. అక్కడ గ్లాసులు కడుగుతున్న ఆడవాళ్ళకు తండ్రి ఆచూకీ కూడా దొరికిపోయింది.

"బయటివాడేం కాదమ్మా, ఈ సైకిళ్ళవాళ్ళలోనే ఒకడట! నీళ్ళ సీసా నింపుకునే వంక పెట్టుకుని ప్రతి ఆదివారం ఆ తలుపు తట్టేవాడట."

"వెధవ!" అన్నాడు ఉబాల్దో మనస్ఫూర్తిగా.

సంఘం మొత్తం మీద ఒరియెత్త తలుపు తట్టి నీళ్ళు అడిగేది తనొక్కడేనన్న సంగతి ఆయనకు తట్టనే లేదు. ముందు తొక్కుతున్న వీపులన్నిటినీ అనుమానంగా చూస్తూ పోయాడు. ఫుల్వియో వీపైతే మరీ తప్పు చేసినవాడి వీపులా కనిపించింది.

మోంతెసెల్లొ దిగాక దారి రెండుగా చీలుతుంది. కుడివైపు లోయలో పడితే గంటలో ఇల్లు, ఎవరికీ ముఖం చూపించనక్కర్లేదు. ఎడమవైపు పియెత్రఫొస్క ఎక్కుడు. ఉబాల్దో సైకిలు దిగి, ఆలివు చెట్టు కింద కూర్చుని, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని కాసేపు ఏడ్చాడు. ఏడిస్తే కొంత తేలికపడింది. ఆవిడ చేసిన తప్పేముంది? మూడేళ్ళు తను నోరు విప్పలేదు, ఎవడో విప్పాడు. అడగనివాడికి అలిగే హక్కు ఎక్కడిది? ఆ విప్పినవాడు తీరా పిల్లలు పుట్టే వేళకి కనపడకుండా పోయాడు. ఇద్దరు పసిగుడ్డులతో ఆవిడొక్కతే ఆ ఊరివాళ్ళ నోళ్ళలో పడి నలగాలా? ఇద్దరైతే ఇద్దరు! ముక్కు తుడుచుకుని సైకిలు ఎడమవైపు తిప్పాడు.

పియెత్రఫొస్కలో ఒరియెత్త ఇంటి ముందు ఊరంతా ఉంది. బాలింతకు బలమని గిన్నెల నిండా కోడి పులుసు, ఒకరి నెత్తిన పాత ఉయ్యాల, గుమ్మంలో ఫాదర్ సిల్వానో. ముందే చేరిన సైకిళ్ళవాళ్ళంతా ఉబాల్దోని చూడగానే చప్పట్లు కొట్టారు. ఎందుకో ఆలోచించే స్థితిలో ఆయన లేడు. సైకిలు గోడకు పడేసి, మెట్టెక్కి కేక పెట్టాడు.

"అందరూ వినండి! బిడ్డలు ఎవరి బిడ్డలైనా సరే, ఇవాళ్టినించీ తండ్రిని నేను!"

ఎదురింటి ముసలి జెలిందా ముందుకొచ్చి ఆయన బుగ్గ గిల్లింది.

"అదేగా నాయనా, పొద్దుట్నించీ మేమూ అంటున్నది! చీకటుండగానే వచ్చి నీ చేత్తో నువ్వే ఆ నీలి పువ్వు కట్టి, వెనక్కి జరిగి మురిసిపోవడం నా కిటికీలోంచి నేను చూళ్ళేదూ?"

ఉబాల్దో తల తిప్పి తలుపు వంక చూశాడు. పువ్వు రెక్కలు విప్పుకుని వైభవంగా ఉంది. ఎక్కిన కొండలన్నీ ఒక్కసారి కాళ్ళ కిందనుంచి జారిపోయినట్టయింది.

అప్పుడే తలుపు భళ్ళున తెరుచుకుంది. ఒళ్ళంతా సున్నం చుక్కలతో, చేతిలో కుంచెతో ఒరియెత్త బయటికొచ్చింది.

"లోపలికెళ్ళి పడుకోమ్మా, పచ్చి బాలింతవి!" అంది జెలిందా.

"నువ్వూరుకో! పెరట్లో ఇంతమందికి వంట పెట్టుకుని పొద్దుట్నించీ చెబుతున్నా బిడ్డా లేదు గిడ్డా లేదని! సిగ్గుపడుతున్నానట!" ఉబాల్దో వైపు తిరిగింది. "ఇది కట్టింది మీరా?"

"దారి గుర్తండీ... పసుపుది అయిపోయింది..."

"దారి గుర్తా! మరి ఇప్పుడు మెట్టెక్కి అరిచిన ఆ అరుపేమిటి? బిడ్డ ఎవరిదనుకున్నారు?"

"తెలీదండీ. సంఘంలోనే ఎవడో వెధవ అని విన్నాను."

"ఎవడిదో తెలీకుండానే ఇంత కొండ ఎక్కొచ్చావా?"

"కవలలని కూడా విన్నానండీ," అన్నాడు ఉబాల్దో, సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు.

ఒరియెత్త కుంచె కిందికి దించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సున్నమే పడిందో మరేమిటో! "మూడేళ్ళుగా ఆ మూల మీద నిండు సీసా గుమ్మరించి, నా దగ్గరికొచ్చి నీళ్ళడుగుతున్నావు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. ఇవాళ అడుగుతాడు, రేపు అడుగుతాడని చూసి చూసి, ఇక లాభం లేదని ఇల్లు అమ్మకానికి పెట్టా. నోరు తెరవడానికి ఇంకొకడి బిడ్డ కావలసొచ్చిందటయ్యా నీకు?"

"అయితే ఇప్పుడు అడగనా?"

"ఊరంతా విన్నాక ఇంకా అడగడమేమిటి! నడు లోపలికి. ఇంకో గోడ మిగిలింది."

ఆ కోడి పులుసులన్నీ సైకిళ్ళవాళ్ళు తాగారు. అమ్మకం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ద్రాక్ష కోతలయ్యాక ఫాదర్ సిల్వానోనే ఇద్దరికీ పెళ్ళి చేశాడు. పియెత్రఫొస్కలో మాత్రం ఆ కవలల్ని పెరూజాలో పిన్ని దగ్గర ఉంచి పెంచుతున్నారనీ, ఇద్దరిలో చిన్నవాడు చదువులో మహా చురుకనీ ఇప్పటికీ చెప్పుకుంటారు.