మొదటి కెప్టెన్ కొండల్ రావు

శనివారం పొద్దున్నే కూతురి జట్టు వెబ్‌సైట్ పని ముగించేసి, మధ్యాహ్నం హాయిగా కాళ్లు చాపుకుని నిద్రపోవాలని అనంతరామ్ అనుకున్నాడు. లాక్‌డౌన్ నడుస్తున్న మే నెల. ఇంటికి ఐదు కిలోమీటర్లు దాటి పోకూడదు కాబట్టి, ఐర్లండ్ దేశంలో నేవన్‌లోని ఆ ఇంట్లో నలుగురూ ఒకరికొకరు అడ్డం పడుతూ తిరుగుతున్నారు: అనంతరామ్, భార్య గిరిజాకుమారి, కూతురు నిఖిల, ఫిబ్రవరిలో చూసిపోదామని హన్మకొండ నుంచి వచ్చి విమానాలు ఆగిపోవడంతో ఇరుక్కుపోయిన మామగారు కొండల్ రావు.

నిఖిల చదివేది చిన్న విశ్వవిద్యాలయం. దాని బేస్‌బాల్ జట్టు ఇంకా చిన్నది. ఆడేవాళ్లకన్నా బంతులే ఎక్కువ. జట్టును ఎత్తేసి మైదానాన్ని కార్ల పార్కింగుకు ఇచ్చేద్దామని క్రీడా విభాగం చూస్తోంది. "జట్టుకు చరిత్ర ఉందనీ, పాత ఆటగాళ్లకు ఇంకా పట్టింపు ఉందనీ చూపించండి, ఆలోచిద్దాం" అంది అక్కడి అధికారి ఓర్లా. జట్టులో బంతి విసిరేది నిఖిలే. మార్చి నుంచి గదిలోంచి బయటికి రాని పిల్ల, చేతిలో బంతి ఉంటే మాత్రం పెరట్లో మునుపటిలా గంతులేస్తుంది. అందుకే అనంతరామ్ జట్టుకు వెబ్‌సైట్ కట్టిపెడతానన్నాడు.

చరిత్ర పేజీ తయారైంది గానీ చరిత్ర ఇంకా రాలేదు. ముసలి కోచ్ ఫింటన్ పాత ఫొటోలు వెతుకుతున్నాడు. ఈలోగా పేజీ ఎలా కనబడుతుందో చూడాలి కదా! సాఫ్ట్‌వేర్ వాళ్లంతా చేసే పనే అనంతరామ్ కూడా చేశాడు. చేతికందింది తెచ్చి అతికించాడు. గిరిజ పోరు పడలేక స్కాన్ చేసిన ఆల్బంలో మామగారు వయసులో ఉన్నప్పటి ఫొటో ఒకటి దొరికింది. మిద్దె మీద వడియాల కోసం వచ్చిన కోతుల్ని తరుముతూ, బెల్‌బాటం ప్యాంటులో, దుడ్డుకర్ర అచ్చం బేస్‌బాల్ బ్యాటులా భుజం మీదికెత్తి నిలబడ్డాడు కొండల్ రావు. కోతులు ఫొటోలో పడలేదు. దాని కింద "మొదటి కెప్టెన్ కొండల్ రావు" అని కొట్టి, సేవ్ నొక్కబోయి పబ్లిష్ నొక్కి, ఉప్మా తినడానికి వెళ్లాడు.

సాయంత్రం నిద్ర లేచేసరికి ముఖం ముందు నిఖిల ఫోను ఉంది.

"డాడ్! వై ఈజ్ తాత ద కెప్టెన్?"

పేజీ కింద పాత ఆటగాళ్ల వ్యాఖ్యలు బారులు తీరాయి. "కొండల్! ఆ ఊపు మరిచిపోగలమా?" అని కార్క్ నుంచి ఒకాయన. "బాయిలర్ గది అద్దం పగలగొట్టింది ఇతనే" అని గాల్వే నుంచి ఇంకొకాయన. "వానలో నాకు తన కోటు ఇచ్చేశాడు" అని మూడో ఆయన.

"టెస్టింగ్ కోసం పెట్టిన బిడ్డా..." అనంతరామ్ నసిగాడు.

"ఏందండి, టెస్టింగుకు మీ నాయిన ఫొటో దొర్కలేదా?" అంది గిరిజ.

"మా నాయిన చేతుల కట్టె లేదు కదనే!"

తీసేద్దామనుకునేలోగా ఓర్లా ఈమెయిల్ వచ్చింది. బోర్డు వాళ్లకు పేజీ తెగ నచ్చిందట. బుధవారం జూమ్‌లో నిర్ణయం. కొండల్ రావుగారు తప్పకుండా రావాలట. తీసేస్తే మోసం బయటపడుతుంది, ఉంచితే మోసం ముదురుతుంది. "దే విల్ సే వి మేడ్ ఇట్ ఆల్ అప్" అని నిఖిల కళ్లనీళ్లు పెట్టుకుంది. అది చూసి అనంతరామ్ ప్రాణం ఉసూరుమంది.

కొండల్ రావు మాత్రం కోటు ఇస్త్రీ చేయించుకున్నాడు.

"నేనేం మాట్లాడాలె?"

"ఏం మాట్లాడకు మామా."

"మాట్లాడకుంటె కెప్టెన్ ఎట్లయిత?"

బుధవారం తెర నిండా పాత ఆటగాళ్ల నెరిసిన తలలే.

"ఆయన మా మామగారు. మీ మైదానం ఎన్నడూ చూడలేదు. కర్ర ఎత్తింది కోతుల మీద. తప్పు నాది, పిల్లలది కాదు" అని అనంతరామ్ ఇంగ్లిషులో ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"యెస్. మంకీస్" అన్నాడు కొండల్ రావు గంభీరంగా.

ఓర్లా కళ్లద్దాలు తీసింది. "మరి ఆ అద్దం? ఆ కోటు?"

నెరిసిన తలలన్నీ పక్కచూపులు చూశాయి. అంతలో ఒక మూల ఫింటన్ పెదవులు కదిలాయి. మ్యూట్ తీయమని అందరూ అరిచాక గొంతు వినబడింది.

"అవి నేను చెప్పినవే. మొదటి కెప్టెన్ని నేను. ఆ మొదటి ఏడు ఆడినవాళ్లలో మిగిలింది నేనొక్కణ్నే. పేజీ చూడగానే ఒళ్లు మండింది. దులిపేద్దామనుకునేలోగా ఫోను మోగింది, ఎవరీ కొండల్ అని. మార్చి నుంచి మా ఇంట్లో ఫోను మోగలేదమ్మా. అద్దం సంగతి కొండల్ చేసినట్టే చెప్పాను. ఇంకొకడు ఫోను చేశాడు, కోటు సంగతి చెప్పాను. పగలగొట్టిందీ నేనే, ఇచ్చిందీ నేనే. పేరొక్కటే ఆయనది."

అనంతరామ్ కుర్చీ ముందుకు జరుపుకుని తెర మూలనున్న ఆ ముసలాయన్నే చూశాడు.

"ఆ కోటు ఇంకా నా దగ్గరే ఉంది ఫింటన్" అన్నాడు మూడో ఆయన. "ఎవరిదా అని ఇన్నేళ్లూ అనుకుంటున్నా."

ఓర్లా కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "నేనడిగింది పాతవాళ్లకు పట్టింపు ఉందా అని. ఇక్కడ నా తెర చాలడం లేదు. జట్టు ఉంటుంది."

"యూ ఈజిట్, డాడ్!" అని, మొద్దును ఐర్లండ్ వాళ్లు తిట్టే తిట్టు తిడుతూనే నిఖిల తండ్రి మెడకు చుట్టుకుంది.

మర్నాడు అనంతరామ్ మామగారి ఫొటో తీసేసి, ఫింటన్ కుర్రతనపు ఫొటో పెట్టి, అక్షరం అక్షరం సరిచూసి పబ్లిష్ నొక్కాడు. టీ తాగి వచ్చేసరికి, జూమ్‌కు రాని ఎవరో పాత ఆటగాడు కింద రాశాడు: "ఈయనెవరో నాకు గుర్తు లేదు. మా కొండల్ ఏడి?"