నిమ్మ ఉప్పుకు తుపాకీ లైసెన్సు

మానవజాతి ఇప్పటికి మూడు మెట్లు ఎక్కిందని తూటా సామగ్రి నియంత్రణ డైరెక్టరేటు వారు తమ పదిహేడో నంబరు ప్రకటనలో సెలవిచ్చారు. మొదటిది నిప్పు, రెండోది చక్రం, మూడోది లైసెన్సు. మొదటి రెండూ ఎవరి అనుమతీ లేకుండా కనిపెట్టినవనీ, అలాంటి పొరపాటు ఇకమీదట జరగనివ్వబోమనీ కూడా అందులో స్పష్టంగా ఉంది.

ఈ ప్రకటన స్తారి జ్లేబ్ అనే కొండ ఊరికి మే నెలాఖరున ఒక శుక్రవారం చేరింది. (అమల్లోకి వచ్చింది మాత్రం బుధవారం నుంచి. ఆ మధ్య రెండు రోజులూ ఊరంతా నేరస్తులే.) చేరింది సిల్వా చేతికి. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క దుకాణం ఆవిడది. రొట్టె, పాలు, కోళ్ల మేత, రబ్బరు బూట్లు, కొడవళ్లు అన్నీ అందులోనే. వెనక గదిలో తాళం వేసిన బీరువాలో వేటగాళ్ల సరుకు ఉంటుంది. వాడేసిన తూటా తొడుగుల్ని పారేయకుండా ఇంట్లోనే మళ్లీ నింపుకోవడం అక్కడి వేటగాళ్ల అలవాటు. అందుకు కావలసిన తుపాకీ మందు, సీసపు గుళ్లు, మందును అంటించే నిప్పు టోపీలు, కొత్త తొడుగులు సిల్వా అమ్ముతుంది. వాటికి లైసెన్సు అడగడం ఆవిడకు కొత్త కాదు. ముప్ఫై ఏళ్లుగా, సొంత అన్న వచ్చినా అడిగింది. మందు ఎవడి చేతికి పోతోందో అమ్మేవాళ్లకు తెలియొద్దా అనేది. ఆ మాటకు ఊళ్లో ఎవరూ అడ్డు చెప్పలేదు.

లైసెన్సు అడగవలసిన పాత జాబితాలో ఈ నాలుగు సరుకులే ఉండేవి. ప్రకటనతో వచ్చిన కొత్త జాబితాలో నలభై మూడు ఉన్నాయి. కొత్తవన్నీ వచ్చింది వేట సంఘం అధ్యక్షుడు వింకో వల్ల. పోయిన చలికాలం డైరెక్టరేటు వారు "తూటాలు నింపుకునేటప్పుడు మీరు ఏమేమి వాడతారు?" అని సంఘాలన్నిటికీ ఒక ఫారం పంపారు. మిగతా సంఘాల వాళ్లు "మామూలువే" అని రాసి చేతులు దులుపుకున్నారు. వింకో పద్ధతి గల మనిషి. పైగా డెబ్భై ఏళ్ల జీవితంలో ప్రభుత్వం ఆయన్ను ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి. నాలుగు ఆదివారాలు కూర్చుని, చాలక అదనపు కాగితాలు అతికించి మరీ రాశాడు. వంటింటి త్రాసు. బట్టల క్లిప్పులు. భార్య పాత మేజోడు (తొడుగులు అందులో వేసి కడుగుతాడు). ఇత్తడి మీది మసి వదలడానికి నిమ్మ ఉప్పు. పని మధ్యలో ఒక గుక్క పండ్ల సారా. రాసినవన్నీ జాబితాకెక్కాయి, సారా తప్ప. (సారా జాతి సంస్కృతి కిందికి వస్తుందని డైరెక్టరేటులో ఒక ఉప సంచాలకుడు అభ్యంతరం చెప్పాడు. ఆయన తండ్రికి పెద్ద పండ్ల తోట ఉంది.)

శనివారం పొద్దున్నే తొంచ్కా దుకాణానికి వచ్చింది. డెబ్భై నాలుగేళ్ల మనిషి. ఆ ఊళ్లో బెజెగ్ పొదలు విరగబూసేది ఏడాదికి రెండే రెండు వారాలు. ఆ తెల్లటి పూల గుత్తుల్ని ఒక రోజు నీళ్లలో నానబెట్టి, వడగట్టి, చక్కెరా నిమ్మ ఉప్పూ కలిపి షర్బత్ చేస్తారు. ప్రతి ఇంట్లోనూ చేస్తారు గానీ, తొంచ్కా చేసిందే షర్బత్ అని తక్కినవాళ్లే ఒప్పుకుంటారు. జూన్ ఆఖరున అగ్నిమాపక సంఘం వాళ్లు జరిపే ఊరి సంబరంలో పెద్దవాళ్లకు బీరు, పిల్లలకు తొంచ్కా షర్బత్. ముప్ఫై ఏళ్లుగా అంతే.

"పది పొట్లాలు నిమ్మ ఉప్పు ఇవ్వు సిల్వా. పూలు నిన్ననే నానేశాను."

సిల్వా గల్లా మీద చేతులు ఆనించి, గొంతు సవరించుకుంది. "పిన్నీ, లైసెన్సు ఉందా?"

"దేనికే? షర్బత్‌కా?"

"నిమ్మ ఉప్పుకి."

"ఏం లైసెన్సు?"

"తుపాకీది."

తొంచ్కా ఆవిడ ముఖంలోకి పరీక్షగా చూసింది. "పొద్దున్నే ఏమన్నా పుచ్చుకున్నావా ఏం?"

"కాగితం వచ్చింది పిన్నీ, ఇదిగో. లైసెన్సు లేనివాళ్లకి ఇస్తే దుకాణం ఆరు నెలలు మూసేస్తారట."

"నీ ముక్కు తుడిచి, జడలేసి, బడికి తీసుకెళ్లినదాన్ని. నేనెవరో నీకు తెలీదుటే?"

"నాకు తెలుసు. తెలియడం చాలదంటున్నారు."

"పోనీ నిమ్మకాయలివ్వు."

"మనిషికి మూడు. అంతకు మించితే నిమ్మ ఉప్పు తీసే ఉద్దేశం ఉన్నట్టు లెక్కట."

తొంచ్కా బుట్ట తీసుకుని వెళ్లిపోయింది. సిల్వాకు ముఖం చెల్లలేదు. తిట్టి వెళ్లినా బాగుండేది.

తొంచ్కా ఇంట్లో తుపాకీ మాట ఎవరూ ఎత్తరు. పంతొమ్మిదేళ్ల కిందట తొంచ్కా భర్త లోయ్‌జెను మొక్కజొన్న చేలో అడవి పంది అనుకుని తోటి వేటగాడు కాల్చేశాడు. అంత్యక్రియలైన మర్నాడే ఆవిడ భర్త తుపాకీని దుప్పట్లో చుట్టి తీసుకెళ్లి వేట సంఘం గుమ్మంలో పడేసి వచ్చింది. ఆనాటి నుంచి వేట కొమ్ము ఊదితే చాలు, కిటికీలు మూసుకుంటుంది.

ఇది ఎరిగిన మనిషి గనుక సిల్వా ఆదివారం ఒక నిశ్చయానికి వచ్చింది. పది పొట్లాలు చేతిసంచిలో వేసుకుని, పైన రొట్టె పెట్టి, చర్చికి పోతున్నట్టుగా బయల్దేరింది. తొంచ్కా ఇంటి మలుపులో ఒక కొత్త మనిషి ఎదురై, టోపీ తీసి ఎంతో మర్యాదగా పలకరించాడు. తూటా సామగ్రి ఇన్‌స్పెక్టర్ ప్లెష్కోనని చెప్పుకున్నాడు.

"అమ్మా, ఈ సంచిలో ఏముందో తెలుసుకోవచ్చా?"

"రొట్టె."

"రొట్టె కింద?"

"ఊరికే ఇస్తున్నానండీ. అమ్మడం లేదు."

"ఊరికే ఇస్తే ఇంకా ప్రమాదం కదమ్మా. అమ్మితే కనీసం రసీదైనా ఉంటుంది."

పొట్లాలు స్వాధీనం చేసుకుని, వాటికి రసీదు రాసిచ్చాడు. మొదటి తప్పు గనుక హెచ్చరికతో వదిలేశాడు. (రొట్టె కూడా తూకం వేశాడు. జాబితాలో లేదు గనుక తిరిగిచ్చేశాడు.) తొంచ్కా నానబెట్టిన పూలు సోమవారానికి పులిసి, పందుల తొట్టిలోకి పోయాయి. ఆ జూన్ సంబరంలో పిల్లలకు నారింజ రంగు పొడి కలిపిన నీళ్లు పోశారు. వాళ్లు తాగలేదు. బీరు వైపు చూశారు.

ఇక ఊరి ఆడవాళ్లకు దారి ఒకటే మిగిలింది. నవంబరులో అగ్నిమాపక కేంద్రంలో ఆయుధ లైసెన్సు శిక్షణ మొదలైంది. ముప్ఫై ఒక్కమంది చేరారు. అందులో వంటింటి త్రాసు చెడిపోయినవాళ్లు ఏడుగురు, బట్టల క్లిప్పులు కావలసినవాళ్లు పదిమంది, తక్కినవాళ్లు షర్బత్ చేసేవాళ్లు. పాఠం చెప్పింది వింకో. ఊళ్లో ఆ అర్హత ఉన్నవాడు ఆయనొక్కడే. మొదటి రోజు తల వంచుకుని నిలబడ్డాడు.

"అడిగారు కదా అని రాశానమ్మా. నిజం రాశాను. ఇలా అవుతుందని నాకేం తెలుసు?"

"నీ భార్య మేజోడు సంగతి కూడా ఎందుకు రాశావయ్యా?" అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు. ఆయన భార్య ముందు బెంచీలోనే కూర్చుని ఉంది.

వారం వారం తుపాకీ విప్పారు, తుడిచారు, మళ్లీ బిగించారు. అల్లిక పనులు చేసిన చేతులు కావడంతో వేటగాళ్లకంటే త్వరగా నేర్చేసుకున్నారు. ఫిబ్రవరిలో గురి పరీక్ష జరిగింది. తలా అయిదు గుళ్లు. తొంచ్కా వంతు వచ్చేసరికి, చూడ్డానికి వచ్చిన సిల్వా ముఖం పక్కకు తిప్పుకుంది. ముసలావిడ తుపాకీ ఎత్తి అయిదూ కాల్చి, కింద పెట్టి, రుమాలుతో చేతులు తుడుచుకుంది. నాలుగు గురి బిళ్ల మీద తగిలాయి.

"భేష్! కళ్లు భలే ఉన్నాయమ్మా ఈ వయసులో" అన్నాడు పరీక్ష పెట్టడానికి వచ్చిన అధికారి.

"కళ్లు మూసుకుని కాల్చాను" అంది తొంచ్కా. "మా ఆయన్ని కాల్చినవాడు కళ్లు తెరుచుకునే కాల్చాడు."

అధికారి ఆ మాట ఎక్కడ రాయాలో ఫారం అంతా వెతికి, చోటు లేక ఊరుకున్నాడు.

మళ్లీ మే వచ్చింది. బెజెగ్ పూసింది. శుక్రవారం సాయంత్రం తొంచ్కా రెండు పెద్ద తొట్లనిండా పూలు నానేసి, శనివారం పొద్దున ఫొటో అంటించిన లైసెన్సు గల్లా మీద పెట్టింది. సిల్వాకు ప్రాణం లేచొచ్చింది. పొట్లాలు పది ముందే లెక్కపెట్టి ఉంచింది. డైరెక్టరేటు వారు ఆ ఏడే కొత్తగా ఇచ్చిన యాప్‌లో లైసెన్సు నంబరు కొట్టింది. తెర ఎర్రబడింది.

"ఏమైందే?"

"'అనుమానాస్పద వ్యక్తి' అంటోంది పిన్నీ."

సిల్వా సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. నలభై నిమిషాలు సంగీతం విన్నాక ఒక తీయటి గొంతు పలికింది.

"ఆవిడకు లైసెన్సు ఉందండీ. కానీ ఆవిడ పేరు మీద తుపాకీ లేదు."

"అవునమ్మా, లేదు. వద్దనుకుంది."

"తుపాకీ లేని మనిషి తూటా సామగ్రి ఎందుకు కొంటున్నట్టండీ?"

"షర్బత్ కోసం."

"తుపాకీ ఉన్నవాళ్లు కొంటే కారణం తెలుస్తుంది. లేనివాళ్లు కొంటే కారణం తెలియదు. తొమ్మిదో నిబంధన ప్రకారం కారణం తెలియని వాళ్లే ఎక్కువ ప్రమాదకరం." గొంతు ఇంకా తీయగా చేసుకుంది. "ఒక తుపాకీ కొనుక్కోమనండి. అన్నీ సర్దుకుంటాయి."

ఫోన్ స్పీకర్లో ఉండడంతో దుకాణంలో అందరూ విన్నారు. గోధుమ పిండి కోసం వచ్చిన వింకో కూడా విన్నాడు. టోపీ తీసి గల్లా దగ్గరికి వచ్చాడు.

"తొంచ్కా, కొననక్కర్లేదు. లోయ్‌జె తుపాకీ మా సంఘం గోడకే ఉంది. పాడు కానివ్వలేదు, ఏటా నూనె పెడుతున్నాను. నీ పేరు మీద మార్చడం నిమిషాల మీద అవుతుంది."

సిల్వాకు ఆయన నోరు మూసేయాలనిపించింది. తొంచ్కా మాత్రం గల్లా మీదున్న పది పొట్లాల వైపు చూసింది.

"వద్దు పిన్నీ. ఈ ఏడు కూడా పొడి నీళ్లే పోద్దాం" అంది సిల్వా.

"పిల్లలు పోయినేడు తాగలేదే." తొంచ్కా తల రుమాలు ముడి బిగించుకుంది. "పూలు ఎల్లుండికి పులిసిపోతాయి. తీసుకురా వింకో."

తుపాకీ వచ్చింది. ఇరవై ఏళ్ల కిందట తొంచ్కా చుట్టిన దుప్పట్లోనే వింకో చుట్టి తెచ్చాడు. నిబంధన ప్రకారం ఇంట్లో ఉక్కు బీరువా ఉండాలి గనుక అగ్నిమాపక కేంద్రంలోది ఒకటి తాత్కాలికంగా ఇచ్చారు. అది పట్టే చోటు కొట్టుగది ఒక్కటే. ఖాళీ షర్బత్ సీసాలు పక్కకు జరిపి, సిల్వా, వింకో దాన్ని గోడకు బిగించారు. తొంచ్కా తుపాకీని తాకలేదు. సిల్వాయే లోపల పెట్టింది. చిన్నప్పటి నుంచీ ఆ ఇంటికి షర్బత్‌కూ, కబుర్లకూ వచ్చిన మనిషి, ఆ రోజు చేసిన పనికి తల ఎత్తలేకపోయింది.

"తాళం చెవి నీ దగ్గరే ఉంచుకోవే" అంది తొంచ్కా.

"కుదరదు పిన్నీ. లైసెన్సుదారు దగ్గరే ఉండాలట."

తొంచ్కా తాళం చెవిని జేబులో వేసుకుంది. యాప్‌లో తెర పచ్చబడింది. సాయంత్రానికల్లా కొట్టుగదిలో షర్బత్ వాసన నిండింది, దాంతో పాటు తుపాకీ నూనె వాసన కూడా.

తక్కిన ముప్ఫైమందికీ తెర ఎర్రగానే వచ్చింది. వాళ్లూ తలా ఒకటి కొనుక్కున్నారు. (త్రాసు కోసం చేరిన ఒకావిడకు దుకాణంలో త్రాసుకంటే పాత తుపాకీయే చవగ్గా పడింది.)

జూన్ ఆఖరున సంబరం జరిగింది. పిల్లలు షర్బత్ బల్ల దగ్గర ఎగబడ్డారు. ముఖ్య అతిథిగా పిలిచిన ఇన్‌స్పెక్టర్ ప్లెష్కో రెండు గ్లాసులు తాగి, మూడోది చేత్తో పట్టుకుని వేదిక ఎక్కాడు. ఊరికి డైరెక్టరేటు వారి ప్రశంసాపత్రం తెచ్చానని చెప్పి చదివాడు. నిబంధన రాకముందు స్తారి జ్లేబ్‌లో ఇళ్లలో ఉన్న తుపాకులు ఇరవై మూడు, ఇప్పుడు యాభై నాలుగు. అయినా ఆందోళన పడవలసింది ఏమీ లేదని, సామగ్రి మీద అదుపు సంపూర్ణమైందని ఆయన ఊరికి హామీ ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తొంచ్కా గ్లాసులు నింపుతూ ఉండడం వల్ల కొట్టలేదు. ఏప్రాన్ జేబు తాళం చెవి బరువుకు ఒక పక్కకు వేలాడుతోంది.

పత్రంలో చివరి వాక్యాన్ని ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు చదివాడు: "ఈ ఏడాది స్తారి జ్లేబ్‌లో తుపాకీ లేని మనిషి చేతికి నిమ్మ ఉప్పు ఒక్క పొట్లం కూడా వెళ్లలేదు."