మామగారు పాడిన రాక్ పాటలు

ఆ ఉదయం సమీక్షకుడి పథకం చాలా చిన్నది. భార్య మందుల షాపు తెరవడానికి వెళ్ళగానే ముందుగది తలుపు వేసుకోవాలి, కిటికీ తెరలు లాగాలి, రికార్డు రెండువైపులా వినాలి, భోజనానికి లేచేలోగా వ్యాసం పంపేయాలి. పత్రికాఫీసులో అందరూ అతన్ని చేదుమాత్ర అంటారు. ఒకప్పుడు అతని సమీక్ష మింగిన గాయకుడు మళ్ళీ లేచి కూర్చోవడానికి నెల పట్టేది. ఈ మధ్య ఆ మాత్ర ఎవరూ మింగడం లేదు.

"ఆ రాక్ గాయకుడు మన ఊళ్ళో పాడబోతున్నాడు," అన్నాడు సంపాదకుడు వారం కిందట ఫోనులో. "బృందాన్ని వదిలేసి ఒంటరిగా ఓ ఆల్బం చేశాడు చూడు, దాన్ని అప్పట్లో ఉతికి ఆరేసింది నువ్వే. మళ్ళీ విను. మంచి ఏమన్నా ఉంటే రాయి."

"లేకపోతే?"

"వెతుకు. ఈసారి కూడా ఎవరూ చదవకపోతే పేజీలో నీ మూల రాశిఫలాలకి ఇచ్చేస్తాను. వాటికి ఉత్తరాలొస్తున్నాయి."

అప్పట్లో రాసిన వాక్యం అతనికి ఇంకా కంఠతా వచ్చు. రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపితే ఇంతకన్నా శ్రుతిలో ఉంటుందని రాశాడు. ఆ రోజు పన్నునొప్పితో మొదటి పాటలో సగమే విన్నాడన్న సంగతి మాత్రం అతనికే గుర్తులేదు.

రికార్డు ప్లేయరు అటక దిగింది మొన్ననే. పళ్ళేన్ని తిప్పే రబ్బరు బెల్టు ఎండిపోయి ముట్టుకుంటే రాలిపోయింది. బామ్మర్ది తన సంచిలోంచి ఇంకోటి తీసి తగిలించాడు. అతని పని ఇంటింటికీ తిరిగి వాషింగ్ మెషీన్లు బాగుచెయ్యడం.

"ఇది దీనిదేనా?" అని అడిగాడు సమీక్షకుడు.

"బెల్టు బెల్టే బావా. తిరుగుతోందా లేదా?"

తిరిగింది. అంతకుమించి ఎవరూ చూడలేదు.

సూది దిగింది. ముందు కాసేపు ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్న చప్పుడు. తర్వాత ఒక డోలు, కొట్టుకోవడం మరిచిపోయిన గుండె మళ్ళీ గుర్తొచ్చి కొట్టుకున్నట్టు. ఆ తర్వాత గొంతు. అది గదిలో పుట్టిన గొంతులా లేదు. పాడుబడ్డ బావి అడుగునుంచి తాడు పట్టుకుని, పిడికిలి తర్వాత పిడికిలి వేసుకుంటూ పైకి వస్తున్నట్టుంది. మాటలు సాగి సాగి ఏ భాషవో తెలియకుండా పోయాయి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఈడ్చిన చప్పుడు. కిటికీ మూసే ఉంది, అయినా తెర కదిలింది. సోఫా మీద పడుకున్న పిల్లి లేచి, గది మూలకేసి చూసి, అక్కడ ఎవరో ఉన్నట్టూ వాళ్ళకి దారి ఇవ్వాలన్నట్టూ గోడవారగా జరిగి వెళ్ళిపోయింది.

బృందంలో కోడిపుంజులా కూసిన మనిషి ఇతనేనా అనుకున్నాడు సమీక్షకుడు.

వెనక తలుపు తెరుచుకుంది. అత్తగారు గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ ముఖంలో భయం లేదు, కోపం ఉంది.

"అల్లుడుగారూ, ఆయన ఎప్పుడొచ్చారు?"

"ఎవరు అత్తయ్యగారూ?"

"మీ మామగారు."

మామగారు పోయి చాలా కాలమైంది. ఉన్న ఒక్క ఫొటో ఆ గోడకే, ప్లేయరు పైనే వేలాడుతోంది.

"అది పాట అత్తయ్యగారూ."

"పాటే. జలుబు చేస్తే ఇలాగే పాడేవారు." ఆవిడ కుర్చీ లాక్కుని ప్లేయరు ఎదురుగా కూర్చుంది. "ఏమండీ, బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టారో చెప్పకుండా పోయారు. ఇప్పుడైనా చెబుతారా?"

రికార్డులోని గొంతు దీర్ఘంగా మూలిగింది.

"ఆ మూలుగే," అంది అత్తగారు అల్లుడి వైపు తిరిగి. "బతికున్నప్పుడూ ఏది అడిగినా ఇదే జవాబు."

సమీక్షకుడు ఆ మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. చావును చూసి వెనక్కి వచ్చినవాడు తప్ప ఇలా పాడలేడని రాశాడు. తాను అప్పట్లో చెవులుండీ చెవిటివాడినయ్యానని రాశాడు. ఇది చీకట్లో వినవలసిన ఆల్బం, గుండెజబ్బు ఉన్నవాళ్ళు పక్కన మనిషిని పెట్టుకుని వినాలని కూడా రాశాడు. చేదుమాత్ర తియ్యగా మారడం సంపాదకుడికి నచ్చింది. వ్యాసాన్ని మూలలోంచి తీసి పేజీ నడిబొడ్డున వేశాడు.

మర్నాడు ఫోన్లు మొదలయ్యాయి.

"ఏవండీ, నా ఫోనులో పెట్టుకుని విన్నాను," అన్నాడొక పాఠకుడు. "మా మనవడు గెంతుతున్నాడు. మీరు చెప్పిన చావు ఎక్కడుంది?"

"ఫోనులో వినపడదండీ," అన్నాడు సమీక్షకుడు. అబద్ధం చెబుతున్నాననుకోలేదు. "కంపెనీవాళ్ళు తర్వాత పాటలకి రంగులు పూసి ఉంటారు. అసలుది పాత రికార్డులోనే ఉంది."

"ఆ రికార్డు ఎక్కడుంది?"

అక్కడ నోరు మూసుకుని ఉంటే కథ లేదు. "మా ఇంట్లో," అన్నాడు.

మొదట పక్కింటి లిఫ్టు మెకానిక్కు వచ్చాడు. మూడో పాట మధ్యలో అతని ముఖం పాలిపోయింది. తనతో మాటలు మానేసి, అలాగే చనిపోయిన తన అన్నయ్య గొంతు అన్నాడు. పై అంతస్తు దర్జీ ఆవిడ వచ్చి, తాతయ్య గొంతని కళ్ళు ఒత్తుకుంది. ఆవిడ చెబితే ఆవిడ దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళంతా వచ్చారు. ఎవరి కుర్చీ వాళ్ళే తెచ్చుకున్నారు. వారం తిరిగేసరికి ముందుగదిలో చోటు చాలక కుర్చీలు మెట్లమీదికి పాకాయి. ఇంతమంది ఉన్నా దగ్గు వినపడేది కాదు. పట్టపగలు, తెరలు లాగిన గదిలో, ఒక గొంతు మూలుగుతుంటే ఒక్కొక్కరు ఒక్కొక్క వైపు తల ఊపేవారు, ఎవరి మనిషికి వాళ్ళు జవాబు చెబుతున్నట్టు. పాట అయిపోయాక కుర్చీలు మోసుకుంటూ వెళ్ళేటప్పుడు ఎవరూ ఎవరి కళ్ళలోకీ చూసేవారు కాదు.

గొడవలు అత్తగారితోనే వచ్చేవి.

"పిన్నిగారూ, ఆ నాలుగోది మళ్ళీ ఒకసారి పెట్టించండి," అన్నాడు లిఫ్టు మెకానిక్కు. "అన్నయ్య ఏదో చెప్పబోయి ఆగిపోయాడు."

"నాలుగోది మా ఆయనది. మీ అన్నయ్యది మూడోది. అయినా బతికున్నప్పుడు మాట్లాడకుండా, ఇప్పుడు మా కరెంటు ఖర్చుతో మాట్లాడతానంటే ఎలా బాబూ?"

సమీక్షకుడి భార్య రాత్రి తలుపు గడియ రెండుసార్లు చూసి పడుకునేది. "మా నాన్న గొంతు నాకు గుర్తుండదా? అది అచ్చం నాన్నదే. అందుకే నాకు భయంగా ఉంది," అంది. "ఎక్కడో ఏదో తేడా ఉందండీ."

ఇంతలో సంపాదకుడి ఫోను. "ఆ గాయకుడు నీ వ్యాసం చదివాడట. ఆ ఆల్బం గురించి ఒక్క మంచిమాట రాసినవాడు లోకంలో నువ్వొక్కడివేనట. రేపు పొద్దున మీ ఇంటికొచ్చి, నీ పక్కన కూర్చుని వింటానన్నాడు. ఫొటోగ్రాఫరుని తెస్తున్నాను. బాగా జరిగిందా, నీ మూల నీకు జన్మహక్కు. తేడా వచ్చిందా, రాశిఫలాలు సిద్ధంగా ఉన్నాయి."

మర్నాడు పొద్దున్నే గాయకుడి కన్నా ముందు బామ్మర్ది వచ్చాడు. చేతిలో నల్లటి రబ్బరు చుట్ట ఆడిస్తున్నాడు.

"దొరికింది బావా. ఇదీ దీని అసలు బెల్టు. ఆ వదులుదాంతో ఇన్నాళ్ళూ పళ్ళెం నత్తలా తిరుగుతోంది కదా, నీకు అనిపించలేదూ?"

సమీక్షకుడు పళ్ళెంకేసి చూశాడు. జీవితంలో మొదటిసారి, వినకుండా చూశాడు. పళ్ళెం బద్ధకంగా, పొట్ట నిండిన ఎద్దు గానుగ చుట్టూ నడిచినట్టు తిరుగుతోంది.

"అంటే ఆ గొంతు..."

"ఎవడి పాటైనా ఇంత మెల్లిగా తిప్పితే పీనుగ లేచి పాడినట్టే ఉంటుంది."

పేజీ నడిబొడ్డున పడిన వ్యాసం సమీక్షకుడి కళ్ళముందు కదిలింది.

"మార్చెయ్ రా," అంది భార్య తమ్ముడితో.

"మారిస్తే గెంతులపాట వస్తుంది. ఆయన ఎదురుగా నా వ్యాసం నవ్వులపాలవుతుంది," అన్నాడు సమీక్షకుడు.

"మార్చకపోతే ఆయన పాట ఆయనకి తెలీదా?" అంది భార్య.

మెట్లమీద కుర్చీలు జరిగిన చప్పుడు. సమీక్షకుడు కొత్త బెల్టు లాక్కుని జేబులో కుక్కుకున్నాడు.

ప్రపంచాన్ని గెంతించిన ఆ గాయకుడు పొట్టి మనిషి. మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కాడు, వెనకే సంపాదకుడూ ఫొటోగ్రాఫరూ. అత్తగారు జరిగి తన పక్కన చోటిచ్చింది. సూది దిగింది. ఎండుటాకులు, డోలు, బావి అడుగునుంచి గొంతు. మొదటి మూలుగుకే గాయకుడి చేతులు ఒళ్ళో బిగుసుకున్నాయి. పాట సాగుతున్నకొద్దీ అతను కుర్చీలో వెనక్కి వెనక్కి జరిగాడు. పాట అయ్యాక ప్లేయరు వైపు వేలు చూపించాడు.

"ఇది నా గొంతు కాదు," అన్నాడు.

సంపాదకుడు సమీక్షకుడి వైపు చూశాడు. ఆ చూపులో పన్నెండు రాశులూ కనిపించాయి.

"మా నాన్నది," అన్నాడు గాయకుడు. "గిటారుతో సహా ఇంట్లోంచి గెంటేశాడు నన్ను. నేను పాడుతుంటే ఒక్కసారి కూడా వినలేదు. ఆయన చనిపోయిన ఏడాదే ఈ పాటలు చేశాను. ఇందులోకి ఎలా వచ్చాడు?"

"ఇక్కడికొచ్చినవాళ్ళంతా అదే అంటారు బాబూ," అంది అత్తగారు. "వరసలో ఉండాలి మరి."

సమీక్షకుడికి ఇక జేబులో బెల్టు పాములా కదిలినట్టయింది. తీసి గాయకుడి చేతిలో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. పన్నునొప్పి కూడా అప్పుడే గుర్తొచ్చింది, అదీ చెప్పాడు. సంపాదకుడు ఫొటోగ్రాఫరుతో కెమెరా మూయమని సైగ చేశాడు.

గాయకుడు బెల్టును వేళ్ళకు చుట్టుకున్నాడు. "కొడుకు గొంతు మెల్లిగా తిప్పితే తండ్రి వస్తాడన్నమాట," అన్నాడు. బెల్టు బామ్మర్దికి అందించాడు. "ఇప్పుడు నన్ను వినండి."

బామ్మర్ది బెల్టు మార్చాడు. పాట గంతేసి లేచింది. డోలు పరుగెత్తింది, గొంతు నవ్వుతూ దాని వెంటపడింది. మెట్లమీద ముఖాలు వాడిపోయాయి. ఒక్క క్షణంలో అందరి చనిపోయినవాళ్ళూ మళ్ళీ చనిపోయారు. లిఫ్టు మెకానిక్కు చప్పుడు లేకుండా కుర్చీ మడిచాడు. సమీక్షకుడు మాత్రం కళ్ళు మూసుకుని రెండువైపులా విన్నాడు. ఆ నవ్వు అడుగున, ఎవరో గెంటితే గుమ్మం బయట నిలబడి, లోపలికి వినపడాలని గట్టిగా పాడుతున్న కుర్రాడు ఇప్పుడతనికి స్పష్టంగా వినిపించాడు. ఆల్బం నిజంగానే గొప్పది. తాను చెప్పిన కారణానికి మాత్రం కాదు.

అందరూ అత్తగారి కేసి చూడటానికి జంకారు. ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇదీ ఆయనే," అంది మెల్లిగా. "మా పెళ్ళైన కొత్తలో గొంతు. అప్పటికి బీరువా లేదు, తాళంచెవీ లేదు."

గోడమీద ఫొటోకేసి ఎవరూ చూడలేదు. పిల్లి మాత్రం తిరిగొచ్చి, మూలకేసి ఒకసారి చూసి, సోఫా ఎక్కి పడుకుంది.

సమీక్షకుడు తన తప్పంతా పేజీ నిండా రాశాడు. రాశిఫలాలను మించి ఉత్తరాలొచ్చాయి, సగానికి పైగా తిట్లే. తిట్టడానికైనా చదివారు కదా అని సంపాదకుడు అతని మూల అతనికే ఉంచాడు. మోటారుకి పెద్ద చక్రం వేస్తే పళ్ళెం ఇంకా జోరుగా తిరుగుతుందన్నాడు బామ్మర్ది. మామగారి పసితనపు ఏడుపు కూడా వినే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదని, అతని సంచి అతనికి ఇచ్చి పంపేశారు.