సున్నా సైజు కుక్కరు

మానవజాతి సాధించిన ప్రగతి అంతా, చివరికి లెక్క తేలిస్తే, ఎంత తక్కువ చోటులో ఇమిడిందన్నదే. సిన్‌చు నగరంలోని మా కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో ప్రోగ్రాం పరిమాణ నిర్ధారణ సంఘం ఈ సంగతిని ఏకగ్రీవంగా తీర్మానించింది. (సభ్యులు మరీ ఎక్కువై, పెద్ద హాలు తీసుకోవలసి వచ్చింది.)

కొత్త రైస్ కుక్కరులో పెట్టడానికి మా దగ్గర రెండు బృందాలు తయారుచేసిన రెండు రకాల ప్రాసెసర్లున్నాయి. అన్నం వండే ప్రోగ్రాం ఒకటే అయినా, ఒక్కో ప్రాసెసరు భాషలోకి మార్చినప్పుడు ఒక్కో సైజు వస్తుంది. ఎవరిది చిన్నదైతే వాళ్ల ప్రాసెసరు కుక్కరులోకి వెళుతుంది. ఓడిన బృందం ఇంటికి వెళుతుంది. మా బృందానికి పెద్ద షు వెన్‌లింగ్. తన ప్రాసెసరును ఆమె కన్నబిడ్డలా సాకింది.

తనిఖీ కట్టుదిట్టంగా సాగింది. మెషిన్లు మొరాయించకుండా నమ్మకం కొద్దీ వాటి మీద మేం పెట్టుకునే ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్లను సంఘం ఒక్కొక్కటిగా పరిశీలించింది. (గడువు దాటిన ప్యాకెట్టు కనిపిస్తే ఫలితం చెల్లదు.) ఆ తర్వాత ప్రోగ్రాంలను కొలిచారు. మాది ముచ్చటగా, చిన్నగా ఉంది. అవతలి బృందం, అంటే లియౌ బృందానిది సున్నా.

హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు.

"సున్నా ఏంటి బాబూ?" వెన్‌లింగ్ లేచింది. "అసలు అందులో ప్రోగ్రాం ఉందా?"

"భాష మార్చే సాఫ్ట్‌వేర్ మహా తెలివైంది అక్కా," అన్నాడు లియౌ వినయంగా. "పరీక్షలో అన్నం ఉడికిందో లేదో ఎవరూ చూడరని కనిపెట్టేసింది. ఎవరూ చూడని పని ఎందుకని మొత్తం తీసేసింది."

"మరి కుక్కరు ఏం చేస్తుందిరా?"

"ఏమీ చెయ్యదు. అదీ ఎంత వేగంగానో!"

వెన్‌లింగ్ సంఘం అధ్యక్షుడి వైపు తిరిగింది. "డైరెక్టర్ గారూ, గుప్పెడు బియ్యం పోసి చూడండి, చాలు!"

డైరెక్టర్ యౌ కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇది సైజుల పోటీ అమ్మా, వంటల పోటీ కాదు. బియ్యం అజెండాలో లేదు."

నాకు ఒళ్లు మండింది. వెన్‌లింగ్ మాత్రం కూర్చుని, తన బబుల్ టీలోని సగ్గుబియ్యం ఉండలను ఒక్కొక్కటే కసిగా నమిలింది.

కుక్కర్లు బజారులోకి వెళ్లాయి. జనం బియ్యం కడిగి పోశారు, మీట నొక్కారు, ఎదురుచూశారు, ఆనక ఫోన్లు అందుకున్నారు. సంఘం అత్యవసరంగా సమావేశమై మా బృందం రద్దును వాయిదా వేసింది. అన్నం ఉడికేలా చేసే బాధ్యతను వెన్‌లింగ్‌కు అప్పగించింది.

షరతు ఒక్కటే: సైజు పెరగకూడదు.